కొనుక్కున్న సీటు

వీధిలో అందరూ ఆమెను పైలటమ్మ అనేవారు. అందులో గౌరవం పాలు తక్కువ, వెటకారం పాలు ఎక్కువ. విమానం నడిపే లైసెన్సు బీరువాలో పెట్టుకుని, నాలుగేళ్ళుగా విమానాశ్రయంలో గేటు దగ్గర నిలబడి బోర్డింగ్ పాసులు చించుతున్న మనిషిని అంతకంటే ఏమని పిలవాలో వాళ్ళకు తోచలేదు. సందు మొదట్లో ఇస్త్రీ చేసే ఆయన ఆమె యూనిఫామ్ మడతపెట్టి ఇస్తూ, "ఏం పైలటమ్మా, ఇవాళ ఎంత ఎత్తుకు లేపావు?" అని అడిగేవాడు. ఆమె నవ్వేది. నవ్వకపోతే మళ్ళీ అడుగుతాడు.

గేటు దగ్గర ఆమె మంచి పనిమంతురాలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ మొహం మీద తలుపు వేయడంలో ఆమె తరువాతే ఎవరైనా అని సూపర్‌వైజర్ మెచ్చుకునేవాడు. తల్లి కడసారి చూపుకు వెళ్ళాలంటూ ఒకాయన ఒగరుస్తూ వచ్చి, కౌంటర్ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చినా, "గేటు మూసేశాం సార్" అన్న మాట తప్ప ఆమె నోట రెండో మాట రాలేదు. అలాంటివాళ్ళను పంపేశాక అద్దాల గోడ దగ్గరికి వెళ్ళి బయటికి చూసేది. విమానం మెల్లగా వెనక్కి జరుగుతూ ఉండేది. ముందు కిటికీల్లో రెండు తలలు. ఎడమవైపు కెప్టెన్, కుడివైపు కో-పైలట్. ఆ కుడివైపు తల తనకంటే చిన్నవాళ్ళదైతే ఆ పూట ఆమెకు తిండి సహించేది కాదు.

లైసెన్సు ఉండి ఉద్యోగం ఎందుకు లేదని అడగని చుట్టం లేడు. ఆమె నేర్చుకున్నది ఒంటి ఇంజన్ బుల్లి విమానాల మీద. గాలిలో గడిపింది రెండు వందల చిల్లర గంటలు. పెద్ద జెట్ నడపాలంటే ఆ రకం విమానం మీద విడిగా శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గి, లైసెన్సు మీద ముద్ర వేయించుకోవాలి. దాన్నే టైప్ రేటింగ్ అంటారు. ఒకప్పుడు కంపెనీలు ముందు ఉద్యోగం ఇచ్చి, ఆ శిక్షణ తమ ఖర్చుతో ఇప్పించేవి. తరువాత ఎవరికో తెలివి పుట్టింది. ఈ ఉద్యోగం కోసం ఇంతమంది పడి చస్తుంటే ఖర్చు మనమెందుకు పెట్టుకోవాలి?

ఫ్లయింగ్ క్లబ్బులో ఆమెతో పాటు నేర్చుకున్నవాళ్ళు నలుగురు. గుండు, కళ్ళజోడు, అందగాడు, మొండి. క్లబ్బు క్యాంటీన్లో ఒకరోజు అయిదుగురూ కూర్చుని ఒట్టు వేసుకున్నారు, చచ్చినా టైప్ రేటింగ్ సొంత డబ్బుతో చేయకూడదని. ఆ ఒట్టు పెట్టించింది మొండి.

"మనం కొంటున్నంతకాలం వాళ్ళు అమ్ముతూనే ఉంటారు," అన్నాడు బల్ల మీద గుద్ది. "వంటవాణ్ణి పనిలోకి తీసుకుని, పొయ్యీ గిన్నెలూ నువ్వే కొనుక్కురా అని ఎవడైనా అంటాడా? ఒక్కడు సరేనన్నాడంటే మిగతా అందరి మెడలూ తెగినట్టే. అర్థమైందా?"

అందరూ అర్థమైందన్నారు. అందరికంటే గట్టిగా అన్నది పైలటమ్మే.

నాలుగేళ్ళు గడిచాయి. ఒక విమాన కంపెనీ ప్రకటన ఇచ్చింది. టైప్ రేటింగ్ శిక్షణ, ఆపైన అయిదు వందల గంటలు ప్రయాణికుల విమానంలో కుడివైపు సీటు. మొత్తం ఖర్చు అభ్యర్థిది. ఆ గంటలకు జీతం ఉండదు. పనితీరు నచ్చితే ఉద్యోగం విషయం ఆలోచిస్తారు. పైలటమ్మ ఎవరితోనూ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ రోజున కంపెనీ ఆఫీసుకు వెళ్ళేసరికి, వెయిటింగ్ రూములో మూలన ఒక మనిషి న్యూస్‌పేపర్ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపర్ పైన నున్నటి తల మెరుస్తోంది.

"ఒరే గుండూ!"

పేపర్ దిగింది. "నువ్వా? నేనూ... మా మామయ్య ఇక్కడ అకౌంట్స్‌లో ఉంటాడు. కలిసి పోదామని..."

"టై కట్టుకునా?"

అతను నీళ్ళు నములుతుండగానే బాత్రూమ్ తలుపు తీసుకుని కళ్ళజోడు వచ్చాడు. ఇద్దర్నీ చూసి మళ్ళీ బాత్రూమ్‌లోకే వెళ్ళబోయాడు. ఈలోగా లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. అందులో అందగాడు. కొత్త సూటు వేసుకుని ఉన్నాడు, తల చక్కగా దువ్వుకున్నాడు. ముగ్గుర్నీ చూశాడు, చటుక్కున బటన్ నొక్కాడు, తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు కిందికి పోయి, ఒక్క నిమిషం ఆగి, తప్పదన్నట్టు మళ్ళీ పైకొచ్చింది. అప్పుడు నలుగురికీ ఆపుకోలేనంత నవ్వొచ్చింది. రిసెప్షన్లో అమ్మాయి ష్ అనేదాకా పొట్టలు పట్టుకుని నవ్వారు. రానివాడు మొండి ఒక్కడే.

నవ్వు ఆరిపోగానే నలుగురి బుర్రల్లోనూ ఒకటే ప్రశ్న, సీట్లు ఎన్ని? గుండు కళ్ళజోడు భుజం మీద చెయ్యేసి ఎంతో ప్రేమగా అన్నాడు, "నీ కళ్ళతో ఇక్కడ మెడికల్ గట్టెక్కడం కష్టంరా. అనవసరంగా ఆశ పెట్టుకోకు."

శిక్షణ మేనేజర్ గొంతు మెత్తన. బిస్కెట్ల ప్లేటు ముందుకు జరిపి మరీ మాట్లాడాడు. "మేము డబ్బు కోసం చూడటం లేదమ్మా. మీకు ఎంత పట్టుదల ఉందో చూస్తున్నాం. పెట్టుబడి పెట్టినవాళ్ళే ప్రాణం పెట్టి పని చేస్తారు."

"అయిదు వందల గంటలయ్యాక ఉద్యోగం ఇస్తారా సార్?"

"తలుపు తెరిచే ఉంటుంది," అన్నాడాయన చిరునవ్వుతో. తలుపు గురించి ఆమెకంటే తెలిసినవాళ్ళు ఎవరు? అయినా ఆ మాట విని మురిసిపోయింది.

ఇక మిగిలింది ఇంట్లో యుద్ధం. వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్. ఒక పెద్ద భవనంలో మరమ్మతు చేస్తూ షాఫ్టులో పడి చనిపోయాడు. తల్లి అంతకుముందే పోయింది. నాన్న చావుకు వచ్చిన పరిహారాన్ని అక్క పైసా ముట్టుకోకుండా చెల్లెలి పైలట్ చదువుకు కట్టింది. అప్పటికి అక్కకు పెళ్ళయింది, భర్త సిటీ బస్సు డ్రైవరు. నాన్న మిగిల్చిన ఆస్తల్లా మార్కెట్ వీధిలో ఒక చిన్న దుకాణం గది, ఇద్దరక్కచెల్లెళ్ళ పేరు మీద. అందులో అక్క రెండు కుట్టు మిషన్లు వేసుకుని కిటికీ కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టేది. ఉదయం షట్టర్ ఎత్తడం, ముందు గుడ్డల తాన్లు వరసగా నిలబెట్టడం, వచ్చేపోయేవాళ్ళను పలకరించడం, ఆమె బతుకంతా అక్కడే ఉంది. ఇప్పుడా గది అమ్మాలంది పైలటమ్మ.

బావ ముందు నవ్వాడు. "మరదలా, మా డిపోకి కొత్త రకం బస్సులొస్తే మమ్మల్ని పిలిచి నేర్పించారు. నేర్చుకున్నన్ని రోజులూ జీతమిచ్చారు, టీ కూడా పోశారు. అంత పెద్ద విమానం వాళ్ళు నీ దగ్గర అడుక్కుంటున్నారేమిటి?"

"బస్సుకీ దానికీ పోలికేమిటి బావా?"

"అదే నేనూ అంటున్నా. బస్సులో టికెట్టు కొన్నవాడు నా సీట్లో కూర్చోడు."

అక్క నవ్వలేదు. సూది నోట్లో పెట్టుకుని వింటున్నది కాస్తా తీసి పక్కన పెట్టింది. "నాన్న పడి చచ్చిపోతే వచ్చిన డబ్బుతో నువ్వు ఎగరడం నేర్చుకున్నావే. ఇంకా చాలలేదా?"

అక్కకే తాను అన్న మాట చేదుగా తగిలి తల తిప్పుకుంది. అక్కడ ఆగిపోతే బాగుండేది. పైలటమ్మ ఆగలేదు. నాలుగేళ్ళ గేటు కౌంటర్ ఆమెకు ఒక గొంతు నేర్పింది, ఆ గొంతుతోనే అంది, "నీకేం పోయింది? కర్టెన్లు కుట్టడానికి ఎక్కడ కూర్చుంటే ఏమిటి? ఇంట్లో కుట్టుకో."

అక్క సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని కుట్టుపనిలో పడింది. మర్నాడే సంతకం పెట్టింది. మిషన్లు మూడో అంతస్తులో ఉన్న ఇంటికి ఎక్కించారు. లిఫ్టు లేదు. బావ ఒక కొస, కూలీ మనిషి ఒక కొస పట్టుకుని మోశారు. అక్క వెనకాల దారపు రీళ్ళ పెట్టె మోసుకుంటూ ఎక్కింది. పైలటమ్మ అప్పటికి శిక్షణకు పోవడానికి సూట్‌కేసు సర్దుకుంటోంది.

శిక్షణలో ఆమె మెరికలా నిలిచింది. ఇంజన్ మంటలన్నారు, చక్రాలు దిగలేదన్నారు, విమానానికి నకలైన సిమ్యులేటర్లో ఏ ఆపద తెచ్చిపెట్టినా ఆమె చేతులు తొణకలేదు. ప్రయాణికులతో మొదటిసారి నిజం విమానంలో కుడివైపు సీట్లో కూర్చున్నరోజు మబ్బుల పొర చీల్చుకుని పైకి వచ్చేసరికి ఎదురుగా ఎండ పరుచుకుని ఉంది. వెనక నూట యాభైమంది నిద్రలో ఉన్నారు. అక్కను తీసుకొచ్చి చూపించాలనిపించింది. ఆ ఒక్కరోజు ఆమె ఎవరికీ బాకీ లేదు.

పక్క సీట్లో ఉన్నాయన కంపెనీలో బాగా పాత కెప్టెన్. చెవుల మీద తెల్లటి వెంట్రుకలు, మాటలో ముల్లు. ఆమె కళ్ళు తడవడం గమనించి, "ఏం ప్యాసింజరు గారూ, కిటికీ సీటు బాగుందా?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"సీటుకి డబ్బు కట్టి ఎక్కేవాళ్ళని ప్యాసింజర్లంటారమ్మాయ్. వెనక వాళ్ళు కాస్త తక్కువ కట్టారు, నువ్వు కాస్త ఎక్కువ కట్టావు. అంతే తేడా."

ఆనాటి నుంచి ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. సిబ్బంది అంతా నవ్వేవారు. ఆమె యూనిఫామ్ తానే కొనుక్కుంది, భుజం మీద చారలు తానే కొనుక్కుంది. ఆఖరికి సిబ్బందికి ఇచ్చే భోజనంలోనూ ఆమె లెక్క లేదు. మూడోరోజున ఆకలికి కళ్ళు తిరుగుతుంటే విమానం వెనక భోజనాలు సర్దే గ్యాలీలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతోంది. అక్కడి ఎయిర్ హోస్టెస్, అందరూ గ్యాలీ మేడమ్ అని పిలిచే నలభై ఏళ్ళ మనిషి, ఆమెను ఎగాదిగా చూసి ఒక ట్రే చేతిలో పెట్టింది.

"ఎవరో ప్యాసింజరు ఎక్కలేదు. తిను. జీతం లేనివాళ్ళకి ఆకలి కూడా ఉండదని మావాళ్ళ ఉద్దేశం."

అంత కటువుగా అని, ఆమె తిన్నంతసేపూ గ్యాలీ తెర పట్టుకుని ఎవరూ రాకుండా నిలబడింది. ఆ తరువాత ఎప్పుడు కలిసి ఎగిరినా ఒక ట్రే పక్కన పెట్టి ఉంచేది.

ప్రతి ప్రయాణం అయ్యాక కెప్టెన్ సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే గాలిలో గడిపిన గంటలు గంటలు కావు. గుండు కూడా అదే కంపెనీలో అలాగే డబ్బు కట్టి చేరాడు. ఈ పాత కెప్టెన్‌తో ఒకసారి వాతావరణం గురించి వాదించాడు. ఆయన తాపీగా విని, దిగాక "ఈ పనికి తగడు" అని రాసి పడేశాడు. వారం తిరక్కుండా గుండు ఇంటిదారి పట్టాడు. పైలటమ్మ ఆ సంగతి విని నోటికి తాళం వేసుకుంది.

అలా గంటలు కూడుతూ కూడుతూ నాలుగు వందలకు దగ్గరయ్యాయి. ఒక మధ్యాహ్నం కెప్టెన్ తొందరలో ఉన్నాడు. మరో ఊరికి సాయంత్రం విమానంలో ఆయన పోవాలి. కింద నుంచి కంట్రోల్ వాళ్ళు చాలాసేపు ఎత్తులోనే ఉంచేసి, ఆలస్యంగా దిగమన్నారు. ఆయన విమానం ముక్కు వంచి దింపడం మొదలుపెట్టాడు. ఎత్తు ఎక్కువగా ఉంది, వేగం అంతకంటే ఎక్కువగా ఉంది. నియమం ఏమిటంటే, నేలకు వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చేసరికి అన్నీ కుదురుకోవాలి. కుదురుకోకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు "గో అరౌండ్" అనాలి. అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేచి చుట్టూ తిరిగి రావాలి. అన్నది కో-పైలటే అయినా కెప్టెన్ మారుమాట్లాడకుండా లేపాలి. సిమ్యులేటర్లో ఆమె ఆ మాట వందసార్లు అంది.

వెయ్యి అడుగులు దాటింది. ఏదీ కుదురుకోలేదు. ఆమె వేగం ముల్లును చూసింది, ఆయన మొహం చూసింది. ఆయన దవడ బిగుసుకుని ఉంది. రెండు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. దుకాణం గది కళ్ళ ముందు కదిలింది. ఇంకో వంద గంటలు, ఇంకో వంద గంటలు అని లోపల ఎవరో కొట్టుకుంటున్నారు. "దిగే వేగం ఎక్కువ" అని యంత్రం తన గొంతుతో తాను అరిచింది. దానికి ఉద్యోగ భయం లేదు. ఆమె మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

విమానం నేలను గుద్దుకుంది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. వెనక నుంచి పిల్లల ఏడుపులు, ఎవరివో కేకలు. విమానం ఒకసారి ఎగిరిపడి మళ్ళీ కూలబడి, రన్‌వే కొస దాకా పోయి ఆగింది.

"కాస్త గట్టిగా తగిలింది," అన్నాడు కెప్టెన్ నుదురు తుడుచుకుంటూ.

తోకవైపు ఉన్న చిన్న సీట్లో బెల్టు కట్టుకుని కూర్చున్న గ్యాలీ మేడమ్ లేవలేదు. వెన్నుపూస నలిగిపోయింది. ఆమెను చెక్కపలక మీద పడుకోబెట్టి దింపుతుంటే పైలటమ్మ మెట్ల పక్కన నిలబడి చూసింది. మేడమ్ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరి వైపూ చూడలేదు.

విచారణ జరిగింది. పొడుగాటి బల్లకు అటు ముగ్గురు. కాక్‌పిట్ రికార్డు వినిపించారు. అందులో యంత్రం గొంతు ఉంది, గాలి హోరు ఉంది, ఆమె గొంతు లేదు.

"వేగం ఎక్కువని మీరు గమనించారా?" అడిగారు.

"గమనించాను."

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

పక్కన కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క మాట. ఈ అమ్మాయి ఆ రెండు ముక్కలూ అనుంటే నేను లేపేసేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కో-పైలట్ ఆ మాట అంటే నేను లేపకపోవడమన్నది లేదు."

అది నిజమో కాదో ఇక ఎవరికీ తెలియదు. ఆయనను మళ్ళీ శిక్షణకు పంపారు, రెండు నెలల్లో తిరిగి తన సీట్లో కూర్చున్నాడు. ఆమెను మెత్తని గొంతు మేనేజర్ పిలిపించాడు. ఈసారి బిస్కెట్లు లేవు.

"మీ మీద చర్య తీసుకునే ప్రశ్నే లేదమ్మా, కంగారు పడకండి. చర్య ఉద్యోగుల మీద తీసుకుంటాం. మీరు ఉద్యోగి కాదు కదా? ఒప్పందం ముగించేస్తున్నాం, అంతే."

"మరి మిగిలిన గంటలు? వాటికి కూడా కట్టాను సార్."

"భద్రత కారణంగా ముగిస్తే తిరిగి ఇవ్వడం ఉండదు. మీరు చదివే సంతకం పెట్టారు."

శిక్ష వేయడానికి కూడా తాను పనికిరాలేదని ఆమెకు మెట్లు దిగుతుంటే అర్థమైంది. అప్పుడు సీటు దొరక్క ఎదురుచూస్తున్న కళ్ళజోడు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. పరామర్శకు అనుకుంది.

"నీ సీటు నాకిచ్చారే," అన్నాడు, సంతోషాన్ని గొంతులో అణుచుకోలేక. "ఆ పాత కెప్టెన్ తిరిగొస్తే ఆయనతోనే వేస్తారట. మనిషి ఎలాంటివాడు?"

"మంచివాడే," అంది. "నోరు మూసుకుని కూర్చో. సంతకం పెడతాడు."

ఫోన్ పెట్టేశాక తాను ఏమన్నదో తనకు వినిపించింది. మళ్ళీ చేసి సరిదిద్దవచ్చు. చేయలేదు.

గ్యాలీ మేడమ్‌ను చూడటానికి వెళ్ళింది. మేడమ్ తన ఇంట్లో గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, నడుముకు పట్టీలు. పలకరింపులేవీ లేవు.

"నీకు తెలుసు కదా, మరీ ఎత్తులో ఉన్నామని?"

"తెలుసు మేడమ్."

"నేను వెనక కూర్చుని కిటికీలోంచి చూసినా తెలిసింది. ఇద్దరున్నారు కదా, ఎవరో ఒకరు అంటారులే అనుకున్నా." నడుము పట్టీ సర్దుకుంది. "నీకు నేను తిండి పెట్టాను. నీ నోట్లోంచి ఒక మాట రాలేదు."

పైలటమ్మ ఏడుపు మొదలుపెట్టబోయింది.

"ఏడవకు. నేను నవ్వినా ఏడ్చినా నడుం పట్టేస్తుంది, నా ముందు నువ్వు తీరిగ్గా ఏడిస్తే నాకు మంట. ఆ గ్లాసు ఇలా అందించి వెళ్ళు."

గ్లాసు అందించి వచ్చేసింది. అది మినహా ఆమె ఆ మనిషికి చేసిన ఉపకారం లేదు.

ఇంటికి వచ్చేసరికి ముందు గది నిండా గుడ్డల గుట్టలు. మూడంతస్తులెక్కి కర్టెన్లు కుట్టించుకునేవాళ్ళు ఎవరూ లేక, అక్క ఒక హోటల్ కాంట్రాక్టరుకు దుప్పట్ల అంచులు కుట్టి పెడుతోంది. పలకరించడానికి మనుషులు లేక మాటలు కూడా తగ్గిపోయాయి. చెల్లెలు గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పింది. అక్క మిషన్ ఆపకుండానే విన్నది. దారం తెగ్గొట్టి, ఒక దుప్పటి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"కూర్చో. అంచు మడతపెట్టి పిన్నులు పెట్టు. నా దగ్గర పని చేయడానికి నువ్వేమీ కట్టక్కర్లేదు. ముక్కకింతని నేనే ఇస్తా."

వంటింట్లోంచి బావ పగలబడి నవ్వాడు. పైలటమ్మ కూర్చుని పిన్నులు పెట్టింది. వారం వారం అక్క కూలి లెక్కకట్టి ఇచ్చేది, ఆమె తీసుకునేది. తిరిగి ఇవ్వబోతే, "నాకొద్దు. పనికి డబ్బు వస్తుందని నీకు తెలియాలి" అనేది. ఆ మాటలో కోపం ఎంతో, నేర్పాలనే తపన ఎంతో ఇద్దరికీ తెలియదు.

గేటు ఉద్యోగం మళ్ళీ ఇవ్వమని వెళ్తే సూపర్‌వైజర్ మొహమాటపడ్డాడు. వార్త అందరికీ పాకింది. ఆ రోజే విమానాశ్రయం బయట మొండి కనిపించాడు. భుజానికి బ్యాగు, చేతిలో సోలార్ పలకల కరపత్రాలు. ఒట్టు తప్పినందుకు ఏమంటాడోనని ఆమె తల వంచుకుంది.

"దులిపెయ్యి, పడతాను," అంది.

"దులపడానికేముంది?" అన్నాడు. "నా లైసెన్సు కాలం చెల్లిపోయింది. గంటలు ఎగరకపోతే చెల్లిపోతుంది కదా, ఎగరడానికి డబ్బు లేదు. నువ్వు నాలుగు వందల గంటలు అన్యాయంగా పైనున్నావు. నేను అయిదేళ్ళుగా న్యాయంగా కిందున్నాను." కరపత్రం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరైనా ఉంటే చెప్పు. కమీషన్ ఇస్తా."

"నువ్వు చెప్పిందే రైటు కదరా."

"రైటే. అందుకే కదా ఎవడూ నన్ను తలచుకోడు."

చివరికి ఆమెకు జీతమిచ్చినవాళ్ళు శిక్షణ సంస్థ వాళ్ళు. సిమ్యులేటర్లో నేర్చుకునేందుకు ఒంటరిగా వచ్చే అభ్యర్థికి పక్క సీట్లో ఒక మనిషి కావాలి. టైప్ రేటింగ్ ఉన్నవాళ్ళైతే చాలు. ఎడమవైపు కూర్చుని కెప్టెన్ పాత్ర వేయాలి. నేల మీద ఆరు కాళ్ళ మీద ఊగే ఆ డబ్బాలో, కదలని విమానంలో, ఆమె రోజూ కెప్టెనైంది. వెనక కూర్చునే శిక్షకుడు రిటైరైన పెద్దమనిషి, ఆమె పనితనం చూసి ఆమె ఏం చేసినా అడ్డు చెప్పేవాడు కాదు.

ఆమె ఏం చేసేదంటే, ప్రతి అభ్యర్థికీ ఏదో ఒక రోజు, ముందు చెప్పకుండా, ఎత్తు ఎక్కువగా, వేగం ఎక్కువగా దించేది. దానికి ముందు గంటసేపు ఆ పిల్లల్ని మాటలతో పొడిచేది. చేతులు వణుకుతున్నాయేం, అమ్మా నాన్నా ఏమమ్మి పంపారు, నీలాంటివాళ్ళని పదిమందిని వెనక్కి పంపాను అనేది. బాగా భయపడ్డారని తెలిశాక దవడ బిగించి విమానం ముక్కు కిందికి వంచేది. వెయ్యి అడుగుల దగ్గర గో అరౌండ్ అన్నవాళ్ళను భుజం తట్టి పంపేది. అలాంటివాళ్ళు తక్కువ. అననివాళ్ళను ఆ పూట ఫెయిల్ చేయమని శిక్షకుడికి చెప్పేది. ఫెయిలైతే మళ్ళీ ఒక సెషను. దానికి మళ్ళీ డబ్బు. సంస్థ యజమాని ఆమె పని చూసి ముచ్చటపడి ఏడాది తిరక్కుండా జీతం పెంచాడు. ఆయనకు భద్రత సంగతి పట్టలేదు, సెషన్లు పెరుగుతున్నాయని పట్టింది.

ఒక ఉదయం ఒకమ్మాయి అలాగే నోరు మెదపక కూర్చుంది. డబ్బా గుద్దుకుని ఆగి, తెర మీద రన్‌వే నిలిచిపోయింది. ఫెయిలన్న మాట విని ఆ అమ్మాయి సీట్లోనే కుప్పకూలిపోయింది.

"మీరే కదా మేడమ్ అంతసేపూ తిట్టింది? నాకు భయమేసింది. ఇంకో సెషనంటే మా నాన్న ఆటో అమ్మాలి. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

పైలటమ్మ బెల్టు విప్పుకుంటూ ఆ పిల్ల మొహం చూసింది. వదిలేస్తే ఏమవుతుందో తెలుసు. వదలకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది, ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఇక్కడ నన్ను చూసి భయపడ్డావు. రేపు నిజం విమానంలో ఇంకొకణ్ణి చూసి భయపడతావు," అంది చెయ్యి విడిపించుకుని. "బయట రిసెప్షన్లో అమ్మాయి దగ్గర గురువారం ఖాళీ ఉందేమో అడుగు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. వెనక నుంచి శిక్షకుడు, "మరీ అంత కఠినంగానా తల్లీ?" అన్నాడు. తరువాతి అభ్యర్థి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, కొత్త చొక్కా, భుజం మీద తానే కొనుక్కున్న చారలు. ఆమె అతన్ని లోపలికి రమ్మని తల ఊపి, ఎడమవైపు సీట్లో సర్దుకుని కూర్చుంది.